పిల్లలకు బండి తిండి ప్రదర్శన: ముట్టుకుని ఆడే వస్తువులు మన విశాఖ ఉక్కపోతకు నిలవాలంటే?

పిల్లలసందడి:
వేసవి సెలవుల్లో ఎంవీపీ కాలనీలో ఒక హాలు తీసుకుని, 4 నుంచి 10 ఏళ్ల పిల్లల కోసం మన ఊరి బండి తిండి మీద ప్రదర్శన పెడుతున్నాం. అద్దాల పెట్టెల్లో బొమ్మలు పెట్టి చూపించడం కాదు, పిల్లలే బండి నడపాలన్నది ఆలోచన. మురీ (మరమరాల) మిక్చర్, మిరపకాయ బజ్జీ, టమాటా బజ్జీ, గోలీ సోడా, అరకు బొంగు చికెన్ అనుకున్నాం. ఉప్పు కలిపిన మైదా ముద్దతో బజ్జీలు చేస్తే తేమ పీల్చుకుని మెత్తబడుతున్నాయి, చీమలు కూడా పడుతున్నాయి. బజ్జీ నూనెలో వేయగానే చుయ్‌మని శబ్దం రావాలి, అదెలా? గోలీ సోడాకి సైకిల్ పంపుతో గాలి కొట్టి గోలీని పైకి లేపుదామంటే కదలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

లక్కపిడత:
మైదా ముద్ద మన తీరానికి పనికిరాదండి. అందులో ఉప్పు ఉన్నంత కాలం గాలిలో తేమ లాగుతూనే ఉంటుంది. వార్నిష్ వేసినా ఒక్క పగులు చాలు, లోపల నుంచి ఉబ్బుతుంది.

ఏటికొప్పాక పక్కనే ఉంది కదా, అక్కడ చేయించండి. అంకుడు కర్రని తరిణి అనే చెక్కుడు యంత్రం మీద తిప్పి లక్క పట్టించే పని వాళ్లది. మిరపకాయ బజ్జీ, టమాటా బజ్జీ, పునుగు, అన్నీ గుండ్రంగా తిరిగే ఆకారాలే, తరిణి పనికి అచ్చంగా కుదురుతాయి. బజ్జీ పొడవు 12, లావు 4 సెంటీమీటర్లు చెప్పండి. పునుగు అడ్డంగా 4.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అంతకన్నా చిన్న బంతిలాంటి వస్తువు విడిగా పిల్లల చేతికి అందకూడదు, 4 ఏళ్ల పిల్లల వెంట తమ్ముళ్లూ చెల్లెళ్లూ వస్తారు, నోట్లో పెట్టుకుంటారు.

ఒక్క జాగ్రత్త. లక్క స్పిరిట్‌లో, అంటే ఆల్కహాలులో, కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న తడి చేతులతో పట్టుకుంటే రంగు జిగటగా మారి చేతికి అంటుతుంది. గుమ్మం దగ్గర సబ్బు, నీళ్లు, తువ్వాలు పెట్టండి. బొమ్మల్ని కొద్దిగా తడిపి పిండిన బట్టతో తుడిచి వెంటనే పొడిబట్టతో అద్దండి. కిటికీ పక్కన ఎండలో వదలొద్దు, లక్క మెత్తబడుతుంది.

చుయ్ శబ్దానికి బజ్జీలో అయస్కాంతం పెట్టమని ఎవరైనా అంటే వద్దనండి. ఊడి పిల్లల కడుపులోకి వెళ్తే పేగుకి ప్రమాదం. కడాయి అడుగున ప్లైవుడ్ పలక, దాని కింద నాలుగు మెత్తని స్ప్రింగులు, మధ్యలో లివర్ (మీట) ఉన్న మైక్రోస్విచ్, అంటే కొద్దిపాటి ఒత్తిడికే పడే చిన్న స్విచ్, పెట్టండి. బజ్జీ బరువుకి పలక దిగి స్విచ్ పడుతుంది. తేలికగా ఉండి పడకపోతే లివర్ పొడవు పెంచితే సరిపోతుంది. శబ్దానికి డీఎఫ్‌ప్లేయర్ మినీ మాడ్యూల్ (రికార్డు చేసిన శబ్దాన్ని మోగించే చిన్న బోర్డు), 3 వాట్ల స్పీకర్, 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ చాలు. అందరూ పొరపాటు పడేది ఇక్కడ: స్విచ్‌ని ఆ బోర్డు మీది ఐఓ1 పిన్‌కి కలుపుతారు. బజ్జీ కడాయిలో ఉన్నంతసేపూ అది నొక్కి పట్టినట్టే, ఐఓ1ని నొక్కి పడితే శబ్దం తగ్గించమని అర్థం, కాబట్టి తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. స్విచ్ ఒక కొసని ఏడీకీ1 పిన్‌కి, రెండోదాన్ని గ్రౌండ్ పిన్‌కి కలపండి, మొదటి రికార్డింగు మోగుతుంది. శబ్దం మాత్రం నిజం బండి దగ్గరే రికార్డు చేయండి.

సోడాబుడ్డి:
గోలీని గాలి పైకి లేపదండి, అందుకే మీకు కదలడం లేదు. అసలు సీసాని తలకిందులుగా పెట్టి నింపుతారు. గోలీ తన బరువుతోనే మూతి దగ్గరి రబ్బరు చుట్టు మీద కూర్చుంటుంది, తర్వాత గ్యాస్ ఒత్తిడి దాన్ని అక్కడే బిగించి పట్టుకుంటుంది. నిలబెట్టినా పడదు. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్నది ఈ ఏర్పాటుకే. మీ నమూనా కూడా ఇదే వరసలో నడవాలి.

50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పాలీకార్బొనేట్ గొట్టం తీసుకోండి. గాజు వద్దు, పీవీసీ వద్దు, పీవీసీ గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలు ఎగురుతాయి. ఒక కొసన 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న మెత్తని రబ్బరు చుట్టు, లోపల టేబుల్ టెన్నిస్ బంతి. అది 40 మిల్లీమీటర్లు, 2.7 గ్రాములే. రెండో కొసకి సైకిల్ ట్యూబు వాల్వు బిగించండి, కొట్టిన గాలి వెనక్కి రాకూడదు. ఒత్తిడి ఎక్కువైతే గాలి దానంతటదే వదిలే చిన్న రిలీఫ్ వాల్వు తప్పనిసరి, ఉత్సాహంలో పిల్లలు ఆపకుండా కొడతారు. గొట్టాన్ని నడుము దగ్గర ఇరుసు మీద నిలిపి సగం చుట్టే తిరిగేలా అడ్డు పెట్టండి, లేదంటే పంపు పైపు మెలిపడుతుంది.

ఆట ఇలా: తలకిందులు చెయ్, బంతి కూర్చుంది, నాలుగు పంపులు కొట్టు, నిలబెట్టు. బంతి పైనే ఉంటుంది. చెక్క నొక్కుడుతో నొక్కితే టప్‌మని గాలి పోయి బంతి కిందికి జారుతుంది. గాలి నిలవకపోతే ముందు రబ్బరు చుట్టు చూడండి. బీచ్ నుంచి వచ్చిన పిల్లల చేతుల ఇసుక ఒక్క రేణువు చేరినా కారుతుంది.

తోపుడుబండి:
బండి కొలతల గురించి ఎవరూ చెప్పలేదు. 4 నుంచి 6 ఏళ్ల వాళ్లకి బల్ల 50–55 సెంటీమీటర్ల ఎత్తు, అంతకన్నా పెద్ద పిల్లలకి 65–70. రెండు బండ్లు పెట్టండి, ఒకే ఎత్తుతో అందరికీ సరిపెడితే చిన్నపిల్లలు చక్రాలెక్కుతారు. చక్రాలు కదలకుండా లోపలి నుంచి బోల్టు వేయండి, చక్రపు ఆకుల (పుల్లల) మధ్య వేళ్లు దూరకుండా పలక మూయండి.

మురీ మిక్చర్ దగ్గర థర్మోకోల్ గింజలు పోయకండి. బట్టలకు అంటుకుంటాయి, ముక్కుల్లో దూరుతాయి. ఫెల్ట్ (మందపాటి గుడ్డ) ముక్కలు అరచేతిలో సగం సైజులో కత్తిరించి, ఎత్తైన స్టీలు గిన్నెలో గరిటెతో కలపనివ్వండి. అక్కడ నేర్పాల్సింది వరస. మురీలు, వేయించిన పల్లీలు, ఉప్పు, కారం ముందు, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర తర్వాత, నిమ్మరసం చిట్టచివర. తడి ముందే తగిలితే మురీ నీరుగారిపోతుంది. నిమ్మ బిళ్ల ముందే వేస్తే "మెత్తబడింది, మళ్లీ కలుపు" అనే చీటీ రావాలి.

పొట్లం కట్టడం మాత్రం నిజంగా చేయించండి, 20 సెంటీమీటర్ల చదరపు గోధుమరంగు కాగితంతో. వార్తాపత్రిక వద్దు. సిరా తిండికి అంటుతుందని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే హెచ్చరించింది. పక్కనే ఏజెన్సీ అడ్డాకు దొప్పలు పెట్టండి, కాగితం రాకముందు సంగతి కూడా తెలుస్తుంది.

రుచి చూపిస్తే హాలు బయటే. చిన్నవాళ్లకి పల్లీలు లేకుండా, అలర్జీ ఉందేమో తల్లిదండ్రుల్ని అడిగి ఇవ్వండి. మురీ డబ్బా ఒకసారి తెరిస్తే మన గాలికి తొందరగా మెత్తబడుతుంది, చిన్న డబ్బాల్లో పంచి ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యం, నిజమైన బండి నడిపేవాళ్లని పిలవండి. వాళ్ల వ్యాపారం సాయంత్రం, కాబట్టి ఉదయం 10 నుంచి 12 వరకు అడిగితే నష్టపోరు. గౌరవంగా రోజుకింత అని ముందే మాట్లాడి ఇవ్వండి. 8 ఏళ్లు దాటిన పిల్లలకి ఇంకో ఆట కూడా: నేల మీద వీధి పటం గీసి, బస్‌స్టాపు, ఆసుపత్రి, బడి గేటు చూపించి బండి ఎక్కడ పెట్టాలో తేల్చమనండి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలంటుంది. అందుకని ఆ ఆటలో పదిమంది కమిటీగా కూర్చుంటే కనీసం నలుగురు బండివాళ్ల పాత్రలు వేయాలి.

పిల్లలసందడి:
అందరికీ ధన్యవాదాలండి. ఏటికొప్పాక వెళ్లడం, సోడా గొట్టం తిప్పడం ఖాయం. బొంగు చికెన్ సంగతి మిగిలింది.

లక్కపిడత:
ఎండిన బొంగుని నిలువునా చీల్చి ఒక వైపు బందులు వేయండి, పుస్తకంలా తెరుచుకోవాలి. లోపల ఫెల్ట్ మాంసం ముక్కలు, మూతికి ఆకుల కుచ్చు. నూనె, నీళ్లు పోయకుండా మాంసం తన ఊటలోనే ఉడుకుతుందనీ, పచ్చి బొంగులో తేమ ఉండబట్టి నిప్పుల మీద వెంటనే కాలిపోదనీ పిల్లలకి తెరిచి చూపించొచ్చు. చీల్చిన అంచులు ఉప్పుకాగితంతో బాగా రుద్దండి, వెదురు పేడు చేతిలో దిగితే తీయడం కష్టం. బొంగు నుంచి తెల్లటి పొడి రాలితే పురుగు పట్టినట్టే, ఆ ముక్క తీసేసి వేరేది పెట్టండి.