అకేషియానా, అకాకియానా: మొక్కల పేర్లు పలికే తీరు మీద పట్టింపు అవసరమా?

మిద్దెతోట, మారతహళ్లి:
మొన్న బెంగళూరు లాల్‌బాగ్ తోటలో మొక్కలు చూసే నడకలో కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక చెట్టును చూసి "అకేషియా" అంది. లాటిన్‌లో "అకాకియా" అనాలని ఒక పెద్దాయన అందరి ముందూ దిద్దారు. ఆ తర్వాత ఆ అమ్మాయి నోరు విప్పలేదు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. మొక్కల శాస్త్రీయ నామాల అంతర్జాతీయ నియమావళి పేరు ఎలా పెట్టాలో, ఎలా రాయాలో చెబుతుంది. ఇలాగే పలకాలని శాసించదు. సంపెంగ శాస్త్రీయ నామం మాగ్నోలియా చంపాకా. అందులో చంపాకా మన చంపకమే. లాటిన్ పద్ధతి అని దాన్ని "కంపాకా" అనమంటారా?

బోటనీ లెక్చరర్, జయనగర్:
అందరి ముందూ దిద్దడం తప్పే. కానీ ఎవరిష్టం వాళ్లదంటే నేను ఒప్పుకోను. ఫుక్సియా అనే పూలమొక్కకు ఆ పేరు లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే జర్మన్ వైద్యుడి మీద పెట్టారు. "ఫ్యూషా" అంటే ఆయన పేరు మింగేసినట్టే. అలా పలికే పిల్లలు పరీక్షలో స్పెల్లింగూ తప్పు రాస్తున్నారు.

నర్సరీ, హెబ్బాళ:
అసలు లాటిన్ గొడవ మనకెందుకండీ? కానుగ అంటే తెలుగువాళ్లకు, హొంగె అంటే కన్నడవాళ్లకు తెలిసిపోతుంది. బేరం ఆగదు.

మిద్దెతోట, మారతహళ్లి:
కానుగతో ఇబ్బంది లేదండీ. గన్నేరు సంగతి చూడండి. ఎర్ర గన్నేరు నీరియం ఒలియాండర్, పచ్చ గన్నేరు కాస్కబెలా థెవీషియా, బిళ్ల గన్నేరు కాథరాంథస్ రోసియస్, దేవగన్నేరు ప్లుమేరియా. బిళ్ల గన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు తీస్తారు. మొదటి రెండూ ఆకు నుంచి గింజ దాకా విషమే, గుండె ఆగిపోవచ్చు. షుగర్‌కు గన్నేరు ఆకు నమిలితే మంచిదని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఏ గన్నేరు? అది చదివి ఇంటి ముందున్న ఎర్ర గన్నేరు ఆకు కోసుకుంటే ఏం కావాలి? బిళ్ల గన్నేరు అయినా డాక్టర్‌ను అడగకుండా తినేది కాదు. అందుకే, పలకడం ఎలా ఉన్నా, రాసేటప్పుడు పూర్తి పేరు సరిగ్గా రాయాలని నా పట్టుదల. పలకడానికే భయపడేవాళ్లు రాయడానికి ఇంకా వెనకాడతారు మేడమ్.

బోటనీ లెక్చరర్, జయనగర్:
గన్నేరు విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఫుక్సియా దగ్గర మాత్రం తగ్గను.

నర్సరీ, హెబ్బాళ:
మా దగ్గర ఎరుపు, పచ్చ గన్నేర్లు పక్కపక్కనే పెడతాం, రెండింటికీ బోర్డు ఒకటే. ఈ వారమే వేర్వేరుగా రాయిస్తాను. రాయించే ముందు స్పెల్లింగ్ ఇక్కడ పెడతా, మేడమ్ గారు ఒకసారి చూసిపెట్టండి.