అప్‌డేట్: గ్రూపు లోన్‌లో ఆ 12 శాతం లెక్క తేలింది

హోసకోటె దగ్గర పల్లెలో మా పిన్నికి ఇస్తామన్న 40,000 గ్రూపు లోన్‌కి వడ్డీ నిజంగా 12 శాతమేనా అని అడిగాను కదా. అది ఫ్లాట్ రేటండీ. 24 నెలలకు వడ్డీ 9,600, నెల కిస్తీ దాదాపు 2,067. అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా 40,000 మీదే. తగ్గే బాకీ మీద లెక్కేస్తే సుమారు 21.5 శాతం! ప్రాసెసింగ్ ఫీజు, బీమా ముందే పట్టుకుంటే ఇంకా ఎక్కువ.

కాబట్టి ఏజెంటు నోటిమాట వదిలేసి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (వడ్డీ, ఫీజులన్నీ రాసిచ్చే కాగితం) అడగండి, ఇచ్చి తీరాలి. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఇంట్లో అందరి అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు. ఆలస్య రుసుము బకాయిపడ్డ కిస్తీ మీదే, మొత్తం లోన్ మీద కాదు.