దాళ్వా అయ్యాక మిషన్లో పెట్రోల్ తీసేయాలా, స్టెబిలైజర్ పోసి ఉంచాలా?

ముమ్మిడివరం రైతు: దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు. పవర్ స్ప్రేయర్, చిన్న జనరేటర్ ఇక షెడ్డులోనే. పెట్రోల్ తీసేయమని ఒకరు, పెట్రోల్ పాడవకుండా స్టెబిలైజర్ అనే మందు కలిపి ఉంచమని ఒకరు చెబుతున్నారు. తెలిసినవారు చెప్పండి.

పాలకొల్లు మెకానిక్: తీసేయండి, ఇంకో మాట లేదు. సార్వా (ఖరీఫ్) మొదలయ్యేసరికి నా దగ్గరికొచ్చే మిషన్లలో ఎక్కువ వాటికి రోగం ఒకటే, కార్బరేటర్లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, అదే జెట్లో జిగురు. పెట్రోల్ గాలి తగిలి జిగురు కడుతుంది. త్వరగా మండే తేలిక భాగం ముందే ఆవిరైపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగేదాకా నడిపి, కార్బరేటర్ బౌల్ కింద స్క్రూ విప్పండి. స్టెబిలైజర్ సీసా కొనక్కర్లేదు.

లంక కొబ్బరి: జిగురు కట్టకుండా ఆపడానికే కదండీ స్టెబిలైజర్! అందులో ఉండేది గాలితో కలవకుండా అడ్డుపడే మందు, తుప్పు పట్టకుండా చూసే మందు. ఇంజిన్లు చేసే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ వాళ్లే 30 రోజులు దాటితే పెట్రోల్ పాడవుతుందని, స్టెబిలైజర్ కలిపి కాసేపు ఇంజిన్ నడపమని మాన్యువల్లో రాశారు.

పాలకొల్లు మెకానిక్: ఆ కంపెనీయే స్టెబిలైజర్ కూడా అమ్ముతుంది, అది చెప్పలేదేం? ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది తేమ పీల్చుకుంటుంది. నీరు ఎక్కువై ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగిపోతే, ఏ సీసా పోసినా మళ్లీ కలవదు.

లంక కొబ్బరి: 20 శాతం ఉన్న పెట్రోల్ 10 శాతం దానికన్నా ఎక్కువ నీటిని విడిపోకుండా పట్టుకుంటుంది. మూత బిగించిన డబ్బాలో అంత నీరు ఎలా చేరుతుంది?

పాలకొల్లు మెకానిక్: మన గాలిలో తేమ గురించి నాకా చెబుతున్నారు?

రాజోలు శీను: కొన్ని స్ప్రేయర్లకు కార్బరేటర్లో బౌల్ ఉండదు గురూ, డయాఫ్రం అనే పల్చటి పొర ఉంటుంది. స్క్రూ ఏం విప్పుతాడు?

పాలకొల్లు మెకానిక్: స్క్రూ అన్నది జనరేటర్‌కి. స్ప్రేయర్‌కి ట్యాంకు ఖాళీ చేసి ఆగేదాకా నడపాలి, అంతే.

లంక కొబ్బరి: అలా ఎండబెడితే డయాఫ్రం గట్టిపడుతుంది. తర్వాత మీ దగ్గరికే రావాలి. కార్బరేటర్ మార్చామని డబ్బు తీసుకుని, పాతదే కడిగి పెట్టిన షాపును చూశాను నేను. తీసేయమని చెబితే ఎవరికి లాభం?

పాలకొల్లు మెకానిక్: మాట జాగ్రత్తండీ. నా చేత్తో బాగు చేసిన మిషన్ ఏదైనా చూపించి మాట్లాడండి. నాకు పని తగ్గే సలహా ఇస్తుంటే దొంగను చేస్తారా? అసలు పెట్రోల్ ఇంట్లో దాచాలన్న పట్టుదల మీకెందుకు?

లంక కొబ్బరి: ఎందుకా? మా నాన్నకు రాత్రుళ్లు ఆక్సిజన్ మిషన్ ఉండాలి. 1996 నవంబర్ తుఫానులో కోనసీమ ఎలా చీకటైందో చూసినవాణ్ణి. హెచ్చరిక వచ్చాక బంకు దగ్గర లైను, వరదొస్తే మా లంకకు పడవే దారి. అప్పుడు తాజా పెట్రోల్ ఎక్కడ తేను? మీరు పొలం స్ప్రేయర్ గురించి మాట్లాడుతున్నారు. నేను మా నాన్న ఊపిరి గురించి మాట్లాడుతున్నాను.

అమలాపురం వెంకట్: ఆ మాట ముందే చెప్పాల్సింది అన్నా.

పాలకొల్లు మెకానిక్: ఇది వేరే సంగతండీ. అయినా జనరేటర్ ఖాళీగానే ఉంచండి. పెట్రోల్ బిగుతు మూత ఉన్న లోహపు డబ్బాలో, ఇంటికి దూరంగా పెట్టండి. నెలకోసారి అది బండిలో పోసుకుని, డబ్బా తాజాగా నింపండి. తుఫాను కబురు రాగానే జనరేటర్లో పోయండి.

లంక కొబ్బరి: కబురు వచ్చినప్పుడు నేను ఊళ్లో లేకపోతే? చీకట్లో లాంతరు పెట్టుకుని మా ఆవిడ పెట్రోల్ పోయాలా? ట్యాంకు నిండుగానే ఉంటుంది. తాజా పెట్రోల్లోనే స్టెబిలైజర్ కలుపుతాను, నెలనెలా మారుస్తాను.

పాలకొల్లు మెకానిక్: నెలనెలా మార్చేటప్పుడు సీసా ఎందుకండీ?

లంక కొబ్బరి: ఏదో ఒక నెల మార్చడం కుదరకపోతే, అందుకు.

ముమ్మిడివరం రైతు: నా స్ప్రేయర్ ట్యాంకు ఖాళీ చేశాను. అందులోది ఆయిల్ కలిపిన పెట్రోల్, బండిలో పోయొచ్చా?

పాలకొల్లు మెకానిక్: వద్దు. పక్కవాళ్ల గడ్డి కోసే మిషన్ టూ స్ట్రోక్ అయితే ఈ వారంలోనే వాడేయమని ఇచ్చేయండి.