‘ఓవర్ దేర్’ని 1942లో మళ్ళీ పాడించడం సైనికులకి గౌరవమా, వాళ్ళకి జరిగింది తుడిచెయ్యడమా?

పాతరీళ్ళు:
మొన్న ఆదివారం 1942 నాటి హాలీవుడ్ సినిమా ‘యాంకీ డూడుల్ డాండీ’ మళ్ళీ చూశాను. చివరి సీన్ చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. పాటల రచయిత జార్జ్ ఎం. కోహన్ పాత్రలో జేమ్స్ కాగ్నీ ప్రెసిడెంట్ చేతుల మీదుగా మెడల్ తీసుకుని, వైట్ హౌస్ మెట్ల మీద టకటకా స్టెప్పులేసుకుంటూ దిగుతాడు. బయట వీధిలో సైన్యం ‘ఓవర్ దేర్’ పాడుతూ కవాతు చేస్తుంటుంది. ఆయనా వాళ్ళలో కలిసి నడుస్తాడు. పక్కనున్న సైనికుడికి ఆ పాట రాసింది ఈయనేనని తెలీదు. ఏం పెద్దాయనా, ఈ పాట గుర్తులేదా అని అడుగుతాడు. కాగ్నీ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, గొంతు కలుపుతాడు.

నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోహన్ ఆ పాట రాసింది 1917 ఏప్రిల్‌లో, అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన వెంటనే. మేం వస్తున్నాం, అక్కడ పని ముగిశాకే తిరిగొస్తాం అన్నదే దాని సారం. ఆ యుద్ధంలో సుమారు 1,16,000 మంది అమెరికన్ సైనికులు తిరిగి రానేలేదు. వాళ్ళలో సగానికి పైగా జబ్బులతో పోయారు. పాతికేళ్ళ తర్వాత ఇంకో యుద్ధానికి కుర్రాళ్ళు బయల్దేరుతుంటే అదే పాట, అదే హుషారు. మధ్యలో ఏమీ జరగనట్టే! 1940ల మ్యూజికల్స్, అంటే పాటలూ డాన్సులతో నడిచే సినిమాలు, పాత యుద్ధపు పాటల్ని వాడుకున్నాయి, వాటిని పాడినవాళ్ళు ఏమయ్యారో మాత్రం దాచాయి. ఇది అన్యాయమని నా వాదన. మీరేమంటారు?

కృష్ణలంక_రేడియో:
ఒప్పుకోను గురువుగారూ. ఆ సినిమా షూటింగ్ మొదలైన రోజుల్లోనే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. న్యూయార్క్ ప్రీమియర్ సీట్లు వార్ బాండ్లు, అంటే యుద్ధ ఖర్చుకి ప్రభుత్వం అమ్మిన అప్పు పత్రాలు, కొన్నవాళ్ళకే ఇచ్చారు. హాల్లో కూర్చున్న తల్లుల్లో ఎంతమంది కొడుకులు అప్పటికే క్యాంపుల్లో ఉన్నారో! వాళ్ళ ముందు పాత శవాల లెక్క చదవమంటారా?

ఇంకో సంగతి. ఈ పాటల్ని సైనికులు కందకాల్లో కూర్చుని కట్టుకోలేదు. న్యూయార్క్‌లో టిన్ పాన్ ఆలీ అని పాటలు అచ్చేసి అమ్మే కంపెనీలుండే వీధి ఉండేది. అక్కడి సరుకే ఇవి. ‘టిప్పరరీ’ పాటనే తీసుకోండి. జాక్ జడ్జ్ పాడింది 1912లో, యుద్ధం ఊసే లేని కాలంలో. ఊరికి దూరమైన ఐర్లండ్ కుర్రాడి బెంగ అది. 1914లో బ్రిటిష్ సైనికులే దాన్ని తమ పాట చేసుకున్నారు. వాళ్ళు తీసుకోవచ్చుగానీ సినిమావాళ్ళు తీసుకోకూడదా?

దేవరకొండ_బిడ్డ:
పాట ఎవరు కట్టిన్రన్నది నాకు ముఖ్యం కాదన్నా. ఎవరు, ఎవరి కోసం పాడుతున్నరన్నదే అసలు సంగతి. మన ‘మా భూమి’ 1979లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం ముగిసి అప్పటికి పాతికేండ్లు దాటింది. గొంగడి భుజానేసుకుని, చేతిల కర్ర పట్టుకుని గద్దర్ ‘బండెనక బండి’ అందుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తది. అది ఆ పోరాటంల పుట్టిన పాట, ఆ కథలనే వినపడ్తది. దాన్ని అడ్డం పెట్టుకుని ఎవర్నీ సైన్యంల చేర్చుకోలే. ‘ఓవర్ దేర్’ అట్ల కాదు. పాత హుషారుతోటి కొత్త పిల్లల్ని పంపిన్రు. పాతరీళ్ళు అన్న మాటే నాకు సబబనిపిస్తుంది.

లలిత_డాలస్:
1940ల మ్యూజికల్స్ అని అన్నిటినీ ఒకే గాట కట్టెయ్యకండి. అదే 1942లో బస్బీ బర్క్‌లీ తీసిన ‘ఫర్ మీ అండ్ మై గాల్’ ఉంది. జీన్ కెల్లీకి మొదటి సినిమా, పక్కన జూడీ గార్లండ్. కథ మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, పాటలూ ఆనాటివే. న్యూయార్క్‌లో పేరున్న పేలస్ థియేటర్‌లో ఆడాలన్నది కెల్లీ పాత్ర జీవితాశయం. తీరా ఆ అవకాశం వచ్చేసరికి సైన్యం నుంచి పిలుపు వస్తుంది. ఏం చేస్తాడు? ట్రంకు పెట్టె మూత తన చేతి మీద తనే దబ్బున వేసుకుని వేళ్ళు నలగ్గొట్టుకుంటాడు. కావాలని! అటు గార్లండ్ తమ్ముడు యుద్ధంలో పోయాడని టెలిగ్రాం వస్తుంది. ఈ చెయ్యి చూసి ఆవిడకి విషయం అర్థమైపోతుంది.

యుద్ధకాలంలో, అంత పెద్ద స్టూడియో సినిమాలో, సైన్యంలోకి వెళ్ళడం తప్పించుకోవాలని చూసిన మనిషిని హీరోగా పెట్టారు. విడుదలకి ముందు ప్రివ్యూ చూసిన జనానికి అది రుచించలేదు. అందుకే కొన్ని సీన్లు మళ్ళీ తీసి, చివర్లో అతన్ని వీరుణ్ణి చేశారు. అంటే దాచమన్నది స్టూడియో ఒక్కటే కాదు, చూసిన జనం కూడా. నేను ఆ సినిమా ఎప్పుడు చూసినా ఆ పెట్టె మూత దగ్గర చూపు తిప్పుకుంటాను.

పాతరీళ్ళు:
లలితగారూ, ఆ సీన్ విషయంలో మీదే నిజం. నేను తొందరపడి అన్నిటినీ కలిపేశాను. కానీ ఆ హీరోని మళ్ళీ సరిదిద్దడమే నా బాధ.

1969లో రిచర్డ్ ఆటెన్‌బరో మొదటి ప్రపంచ యుద్ధం మీద ‘ఓ! వాట్ ఎ లవ్లీ వార్’ సినిమా తీశాడు. అందులో సైనికులు పాడేవి చాలావరకు వాళ్ళు మాటలు మార్చుకున్న పాటలే. మనం పేరడీ అంటామే, అదే. జెరోమ్ కెర్న్ 1914లో కట్టిన ప్రేమపాట ఒకటుంది, నా ప్రియురాలు ఎంత అందగత్తో చెబితే ఎవరూ నమ్మరు అని. ఆ ట్యూన్‌లోనే సైనికులు, ఇక్కడేం జరిగిందో అడిగితే మేం ఎప్పటికీ చెప్పం అని పాడతారు. తెర మీద పచ్చటి గడ్డి, తెల్ల శిలువలు, వాటి మధ్య తెల్లబట్టల్లో నడిచే ఆడవాళ్ళు. కెమెరా పైకి వెళ్ళేకొద్దీ శిలువలు పెరుగుతూనే ఉంటాయి, తెరంతా నిండిపోతుంది. ఆ గొంతుల్లో ఏడుపు ఉండదు. మామూలుగా పాడుకుంటూ పోతారు. నేను అడుగుతున్నది ఈ నిజాయితీనే.

కృష్ణలంక_రేడియో:
గొప్ప సినిమా, కాదనను. కానీ అది వచ్చేసరికి ఆ యుద్ధం ముగిసి యాభై ఏళ్ళు. 1942లో కాగ్నీకి ఆ వెసులుబాటు లేదు. మీరు ఆ రెండు సినిమాల్నీ ఒకే తక్కెడలో తూస్తున్నారు.

లలిత_డాలస్:
వెసులుబాటు లేకపోయినా కొందరు చూపించారు. 1943లో వచ్చిన ‘దిస్ ఈజ్ ది ఆర్మీ’ చూడండి. దాని రాబడి సైనికుల కుటుంబాల సహాయనిధికి వెళ్ళింది. పాటల రచయిత ఇర్వింగ్ బర్లిన్ 1918లో క్యాంప్ అప్టన్ అనే సైనిక శిబిరంలో సైనికుడిగా ఉండగా, పొద్దున్నే బ్యూగిల్‌కి లేవాలంటే ప్రాణం పోతోందని రాసుకున్న పాటని, యాభై దాటిన వయసులో అదే పాత యూనిఫాం వేసుకుని తనే పాడతాడు. గొప్ప గొంతు కాదు, సన్నటి గొంతు. వీరత్వం లేదు, నిద్ర చాలని మనిషి గోడు అంతే. అదే సినిమాలో మొదటి యుద్ధపు సైనికులు స్టేజీ దిగి, సామాన్లు భుజానేసుకుని, ప్రేక్షకుల మధ్యనుంచి పాడుకుంటూ బయటికి వెళ్ళిపోతారు. వాళ్ళని నడిపించిన డాన్సర్ యుద్ధంలో కాలికి గాయమై, చేతికర్రతో తిరిగొస్తాడు. ఇంక డాన్స్ చెయ్యలేడు. పాట పాడినవాళ్ళు ఏమయ్యారో చెప్పలేదన్నారుగా, ఇక్కడ చెప్పారు.

పాతరీళ్ళు:
ఆ చేతికర్ర నాకు గుర్తే లేదండీ. బర్లిన్ పాడిన పాట ఒక్కటే మనసులో ఉండిపోయింది. ఈ శనివారం మళ్ళీ చూసి రాస్తాను. వైట్ హౌస్ మెట్ల సీన్ గురించి మాత్రం నా మాట వెనక్కి తీసుకోను. ఆ కవాతులో కాగ్నీ పక్కన నడిచిన కుర్రాడు ఎటు వెళ్ళాడో ఆ సినిమా చెప్పలేదు.