పెద్ద వయసువాళ్లు, ఆడవాళ్లు ఉంటే అవుట్‌పుట్ పెరుగుతుందా తగ్గుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ప్యాకింగ్_బాబు
మాది పటాన్‌చెరు వైపు మందుల ప్యాకింగ్ యూనిట్. కొత్త మేనేజ్‌మెంట్ యాభై దాటినవాళ్లను తగ్గించమంటోంది. ఆడవాళ్లు మాత్రం సగం ఉండాలట, కస్టమర్లు అడుగుతున్నారట. రిజెక్షన్లు, ఖర్చు, మానేసేవాళ్లు... వీటిలో నిజంగా తేడా వస్తుందా? నీతులు వద్దు, జరిగింది చెప్పండి.

పాత_ఫోర్‌మన్
మా దగ్గర ఒక ఆపరేటర్ ఉండేవాడు. బ్లిస్టర్ మిషన్‌లో (మాత్రలను ఫాయిల్‌తో సీల్ చేసేది) సీలింగ్ వేడి తగ్గితే ప్యానెల్ కంటే ముందే, ఫాయిల్ మీద వేలు రాసి చెప్పేసేవాడు. వయసైపోయిందని సాగనంపారు. ఆ తర్వాత లీక్ టెస్టు పెడితే మాత్రల గుంటల్లోకి నీలిరంగు నీళ్లు దిగడం మొదలైంది. చివరికి ఆయన్నే కాంట్రాక్టు మీద బతిమాలి తెచ్చుకున్నారు, పాత జీతం కంటే ఎక్కువిచ్చి!

ఆటోనగర్_ఓనర్
పెద్దవాళ్ల సంగతి సరే. ఆడవాళ్లను తీసుకుంటే ప్రసూతి సెలవుకు 26 వారాల జీతం ఎవడిస్తాడు? 2017లో చట్టం మార్చి చేతులు దులుపుకున్నారు. యాభై మంది, ఆపైన ఉంటే క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) కూడా పెట్టాలి. పెద్ద కంపెనీలకు చెల్లుతుంది, మాలాంటివాళ్లకు కాదు.

లైన్_సూపర్‌వైజర్_అక్క
ఓనర్ గారూ, మీ వాళ్లకు ఈఎస్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకం కాదు, కార్మికుల బీమా) కడుతున్నారా లేదా? జీతం 21 వేల లోపుండి, చందా సరిగ్గా కట్టి ఉంటే ఆ 26 వారాల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, మీ జేబులోంచి పోదు. ప్యాకింగ్ లైన్‌లో ఎక్కువమంది ఆ లెక్కలోకే వస్తారు.

ఆటోనగర్_ఓనర్
నా డిజైనర్లకు 21 వేలు దాటుతుందండీ. వాళ్లకెవరిస్తారు? మీరు ఇస్తారా?

లైన్_సూపర్‌వైజర్_అక్క
అది మీరే ఇవ్వాలి, కాదనలేదు. కానీ మొదట "ఆడవాళ్లు" అని అందరినీ కలిపేసింది మీరు. కుర్రాడు బోనస్ చేతిలో పడగానే పక్క కంపెనీకి పోతే, కొత్తవాడికి పని నేర్పే ఖర్చు ఏ పద్దులో రాస్తారు?

ఎంబీఏ_భరత్
అసలు ఈ చర్చే అనవసరం. వైవిధ్యం ఉన్న కంపెనీలకు లాభాలు ఎక్కువని మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ 2015లోనే చెప్పింది. పదేళ్లుగా హెచ్ఆర్‌లో ఉన్నాను, ఇది మా బ్రెడ్ అండ్ బటర్.

సీఏ_సత్తెనపల్లి
ఆ లెక్కనే అమెరికా ఎస్ అండ్ పీ 500 (అక్కడి పెద్ద కంపెనీల షేర్ సూచీ) కంపెనీల మీద ఇద్దరు ప్రొఫెసర్లు మళ్లీ వేసి చూశారు, సంబంధం కనపడలేదు. 2024లో అచ్చయింది. లాభాలొచ్చిన కంపెనీయే తీరిగ్గా వైవిధ్యం గురించి ఆలోచిస్తుందేమో, అది కూడా చూడాలిగా?
నార్వే సంగతి ఇంకా తమాషా. బోర్డుల్లో 40 శాతం ఆడవాళ్లు ఉండాలని 2003లో చట్టం చేశారు. షేర్ల విలువ పడిందని 2012లో ఒక పరిశోధన వచ్చింది. కొత్తగా వచ్చిన డైరెక్టర్లు వయసులో చిన్నవాళ్లు, అనుభవం తక్కువ అన్నది వాళ్లు చూపిన కారణం. అంటే గొడవ ఆడామగా గురించా, వయసు గురించా? తర్వాత ఇంకొకరు వచ్చి ఆ లెక్కే నిలవదన్నారు.

ఎంబీఏ_భరత్
గూగుల్ చూసి అందరూ మేధావులే.

సీఏ_సత్తెనపల్లి
మీరు అదీ చూడలేదు కదా.

మోడరేటర్
వ్యక్తిగత విమర్శలు ఆపండి. ఇంకోసారి అయితే ఈ చర్చకు తాళం వేస్తాను.

మ్యూనిక్_మావయ్య
ఇక్కడి బీఎండబ్ల్యూ వాళ్లు 2007లో డింగోల్ఫింగ్ ప్లాంటులో ఒక లైన్‌ను కావాలనే సగటు వయసు 47 వచ్చేట్టు నింపారు. తోటివాళ్లు "పెన్షనర్ల లైన్" అని వెక్కిరించారు. చెక్క నేల, కూర్చుని పనిచేసే కుర్చీలు, చిన్న భాగాలు చూడ్డానికి భూతద్దాలు... అన్నీ కలిపి 70 మార్పులు, ఖర్చు 40 వేల యూరోల దగ్గర. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. చాలా ఐడియాలు లైన్‌లో వాళ్లవే. మనవాళ్లు సిమెంటు గచ్చు మీద ఎనిమిది గంటలు నిలబెట్టి, ముసలాళ్లు స్లో అంటారు.

ప్యాకింగ్_బాబు
కుర్చీల మాట బాగుంది, మా వాళ్లను అడుగుతాను. అక్కా, మీ లైన్‌లో నైట్ షిఫ్టుకు ఆడవాళ్లు వస్తున్నారా? మా దగ్గర ఒప్పుకోవడం లేదు.

లైన్_సూపర్‌వైజర్_అక్క
బస్సు ఇంటి సందు దాకా వస్తే వస్తారు. మెయిన్ రోడ్డు మీద దింపేస్తే రారు. మా దగ్గర రూటు మార్చాకే నైట్‌లో సీట్లు నిండాయి.

కొత్త_సభ్యుడు_విజయనగరం
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఈఎస్ఐ కార్డులో భార్య పేరు తప్పు పడింది, ఎక్కడ మార్పించాలి?