సుడోకు కొత్తగా నేర్చుకునేవారికి ఏయే నియమాలు చెప్పాలి?

నిడదవోలు_వాణి:
అందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ చేసిన మా అమ్మగారు పత్రికలో గళ్ళనుడికట్టు పక్కన వచ్చే సుడోకు నేర్చుకుంటానంటున్నారు. ప్రతి అడ్డు వరుసలోను, నిలువు వరుసలోను, దళసరి గీతల మధ్యనున్న 3×3 చదరంలోను 1 నుండి 9 వరకు అంకెలు ఒక్కొక్కసారే రావాలన్న నియమం ఆమెకు తెలుసు. మొదటి అంకె ఎక్కడ వెయ్యాలన్నదే అందడం లేదు. ఏ గడిలో ఏయే అంకెలు పడే వీలుందో దాని మూలల్లో చిన్న అంకెలుగా రాసుకోవాలా? ఎంత కష్టమో చెప్పడానికి పత్రికవారు వేసే నక్షత్రాలను నమ్మవచ్చా? ఫోనులో నేర్చుకుంటే మేలా, కాగితం మీదా?

పెన్సిలు_రబ్బరు:
వాణి గారూ, ఫోను జోలికి మాత్రం వెళ్ళనివ్వకండి. తప్పు అంకె వెయ్యగానే ఎర్రగా చూపించే ఆటలో మా అబ్బాయి నేర్చుకున్నాడు. ఎరుపు రాని అంకె దొరికేదాకా ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోవడమే సుడోకు అనుకున్నాడు. కాగితం చేతికిస్తే వాడికి చెయ్యి కదలలేదు.

లెక్కల_మాస్టారు:
మొదట చెప్పవలసినది ఎవరూ చెప్పడం లేదు. ఏ వరుసైనా, ఏ చదరమైనా మొత్తం 45 రావాలి. నిండిన వెంటనే కూడి చూసుకునే అలవాటు చేయించండి.

ఓరుగల్లు_పద్మ:
మాస్టారూ, లెక్కలంటే భయపడేవారిని ఈ ఆటకు దూరం చేసేది సరిగ్గా ఈ మాటే. 4, 6 ఉండవలసిన చోట రెండు 5లు వేసినా మొత్తం 45 వస్తుంది కదా! సుడోకులో కూడికకు పనే లేదు. అంకెలు అక్కడ గుర్తులు మాత్రమే. నేను మూడో తరగతి పిల్లలకు 4×4 గళ్ళలో క, చ, ట, త అక్షరాలతో నేర్పుతాను, ఆటలో ఏ లోటూ రాదు.

లెక్కల_మాస్టారు:
మొత్తం 45 రాకపోతే తప్పు జరిగినట్టే కదా అమ్మా? నేనన్నది అంతవరకే. పిల్లల భయం గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

గోదారి_గట్టు:
అడిగినదానికి జవాబిస్తాను. ఒకే అంకెను పట్టుకుని పై మూడు చదరాలనూ కలిపి చూడమనండి. ఎడమ చదరంలో 7 మొదటి వరుసలో ఉంది, నడిమి చదరంలో 7 రెండో వరుసలో ఉంది అనుకుందాం. అప్పుడు కుడి చదరంలో 7 మూడో వరుసలోనే పడాలి. అక్కడున్న మూడు గళ్ళలో రెండు ముందే నిండి ఉంటే మిగిలిన గడి 7దే. మూడూ ఖాళీగా ఉన్నా, పైనుంచి కిందికి చూస్తే నిలువు వరుసల్లోని 7లు ఒకటో రెండో గళ్ళను కొట్టివేస్తాయి. తేలిక సుడోకులు చాలావరకు ఈ ఒక్క చూపుతోనే పూర్తవుతాయి, చిన్న అంకెల అవసరమే రాదు.

తొమ్మిది_గళ్ళు:
తేలికవాటి సంగతి వదిలేయండి. కఠినమైనవి చిన్న అంకెలు రాసుకోనిదే కదలవు. 2017లో బెంగళూరులో ప్రపంచ సుడోకు పోటీలు జరిగినప్పుడు చూడడానికి వెళ్ళినవాణ్ణి కనుక ఒక మెళకువ చెబుతున్నాను. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు కలిసే నాలుగు గళ్ళు రెండే చదరాల్లో ఉండి, వాటిలో మూడు గళ్ళలో వేయదగిన అంకెలుగా 2, 5 మాత్రమే మిగిలి, నాలుగోదానిలో 2, 5, 8 మిగిలాయనుకోండి. ఇంకేమీ చూడకుండా అక్కడ 8 వేసెయ్యవచ్చు. వెయ్యకపోతే నాలుగు గళ్ళలోను 2, 5 అటూ ఇటూ మార్చుకుని రెండు జవాబులు వస్తాయి. సరైన సుడోకుకు ఒకటే జవాబు ఉండాలి కదా.

నిక్కచ్చి_మనిషి:
ఇది దొడ్డిదారి. కూర్చినవారు పొరపాటు చెయ్యలేదన్న నమ్మకం మీద వేసిన అంకె ఇది. వరుసలు, చదరాల నియమం నుంచి పుట్టినది కాదు. ఒక వారపత్రికలో వచ్చిన సుడోకుకు నేను రాసిన జవాబు అన్ని నియమాలకూ నిలబడింది, తరువాతి సంచికలో అచ్చయిన జవాబు మాత్రం వేరే. ఉత్తరం రాస్తే, మరోసారి సరిచూసుకోమని సలహా ఇచ్చారు!

తొమ్మిది_గళ్ళు:
అది సుడోకు కాదు, అచ్చుతప్పు. ఇచ్చిన అంకెల్లో ఎనిమిది రకాలైనా ఉన్నాయా, లెక్కపెట్టారా? 3, 7 రెండూ ఎక్కడా ఇవ్వకపోతే, నింపాక 3లన్నీ 7లుగా, 7లన్నీ 3లుగా మార్చినా నియమం చెడదు, రెండో జవాబు తయారవుతుంది.

నిక్కచ్చి_మనిషి:
తొమ్మిదీ ఉన్నాయి. లెక్కపెట్టకుండా ఉత్తరం రాసే రకాన్ని కాను.

గోదారి_గట్టు:
పోటీల్లో నిండిన గళ్ళు సరిపోయాయా లేదా అన్నదే చూస్తారు, ఏ దారిన నింపారని ఎవరూ అడగరు. ఇంట్లో ఆడేవారు తమకు నచ్చిన పట్టింపు పెట్టుకోవచ్చు.

ఓరుగల్లు_పద్మ:
జపానులో పూర్వకాలం నుంచి ఆడుతున్న ఆటలో ఇన్ని పేచీలా?

పెన్సిలు_రబ్బరు:
పూర్వకాలం ఎక్కడిదండీ? 1979లో అమెరికాలో డెల్ అనే ప్రచురణ సంస్థ వారి పజిళ్ళ పత్రికలో మొదట అచ్చయింది; కూర్చినది హోవర్డ్ గార్న్స్ అనే విశ్రాంత ఆర్కిటెక్టు అంటారు. జపానులో నికోలి సంస్థ దాన్ని 1984లో మొదలుపెట్టింది. హాంగ్‌కాంగ్‌లో జడ్జీగా చేసి విరమించిన వేన్ గూల్డ్ సుడోకులు తయారుచేసే ప్రోగ్రాము రాసి, 2004లో లండన్ టైమ్స్ పత్రికకు అందించాకనే ప్రపంచమంతా పాకింది. వాణి గారు అడిగిన నక్షత్రాల సంగతీ ఇక్కడే ఉంది. నక్షత్రాలకు పత్రికలన్నిటికీ కలిపి ఒక కొలత లేదు, కనుక ఒకచోటి మూడు నక్షత్రాలు మరోచోట రెండే కావచ్చు. ఒకే పత్రికను పట్టుకుని ఉండడం మంచిది.

లెక్కల_మాస్టారు:
ఇచ్చిన అంకెలు ఎన్ని తక్కువుంటే అంత కష్టం, ఇందులో నక్షత్రాలెందుకు?

గోదారి_గట్టు:
అలా ఏమీ లేదు మాస్టారూ. ఇరవై నాలుగు అంకెలిచ్చినది సులువుగా తెమిలిపోవచ్చు, ముప్పై ఇచ్చినది ముందుకు కదలకపోవచ్చు. ఏ మెళకువ కావలసి వస్తుందన్నదాన్ని బట్టే కష్టం.

తొమ్మిది_గళ్ళు:
నేను 16 అంకెలతో ఒకే జవాబు వచ్చే సుడోకు కూర్చాను, అదీ సులువే.

నిక్కచ్చి_మనిషి:
అసాధ్యం. కనీసం 17 ఉండాలని డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటరుతో అన్ని అవకాశాలూ గాలించి 2012లో తేల్చింది. దొడ్డిదారులు పట్టేవారికి లెక్కలు కూడా ఇలాగే వస్తాయి కాబోలు.

తొమ్మిది_గళ్ళు:
మాట జారకండి. నాది మూల నుంచి మూలకు పోయే రెండు గీతల మీద కూడా 1 నుండి 9 రావలసిన సుడోకు. మీరు చెప్పిన 17 మామూలు సుడోకుకే వర్తిస్తుంది.

నిక్కచ్చి_మనిషి:
ఆ సంగతి ముందే రాయవలసింది. సరే, ఆ 16 అంకెలూ ఇక్కడ పెట్టండి, ఈ రాత్రికే చూస్తాను.