సమస్యాపూరణం: తేరు కదలకుండఁ దిరిగె నూరు (హంపి ఏటిగట్టు నడక)

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య, అంటే పద్యంలో ముందే ఇచ్చే పాదం, ఇది.

తేరు కదలకుండఁ దిరిగె నూరు

ఆటవెలదిలో నాలుగో పాదం (‘దిరిగె నూరు’ అంటే తిరిగెను ఊరు). ఆటవెలది సరి పాదాల్లో అయిదు సూర్యగణాలు, బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. తేరు, కదల, కుండఁ, దిరిగె, నూరు అని విడదీస్తే అయిదూ సూర్యగణాలే (ఒక గురువు, ఒక లఘువు, అంటే బరువైన అక్షరం, తేలిక అక్షరం; లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం, ‘తే’కు ‘ది’. పై మూడు పాదాలూ మీవి.

సందర్భం హంపి. విరూపాక్షుడి గుడి ముందు బజారు మొదలు తుంగభద్ర గట్టు మీదుగా విఠ్ఠలుడి గుడి దాకా ఉన్న కాలిబాట. సుమారు 2 కిలోమీటర్లు. ఆగకుండా నడిస్తే ముప్పావుగంట, చూస్తూ పోతే రెండు గంటలు. పద్యం నమ్ముకుని బయల్దేరినవాడు దారి తప్పకూడదు కాబట్టి, గణాలు లెక్కపెట్టినంత శ్రద్ధగా చోట్లనూ చూస్తాం. సొంత యాత్రా విశేషాలు వద్దు, పూరణ, దాని మీద విమర్శ చాలు.

తుంగతీరం:

దారి తెలియనివారి కోసం. బజారు తూర్పు చివర ఏకశిలా నంది ఉంటుంది. నంది పక్క మెట్లెక్కి నేరుగా పోతే గుట్ట మెడ దాటి అచ్యుతరాయల గుడి దగ్గర దిగుతారు. అది వేరే బాట, ఎక్కుడు ఎక్కువ. ఏటి బాట కావాలంటే నంది దాకా పోకముందే ఎడమకు తిరగాలి. బండల సందులోంచి దిగితే చక్రతీర్థం, కోదండరాముడి గుడి. అక్కణ్ణుంచి నది ఎడమచేతికి ఉండేలా నడవడమే. నేరుగా పోతే కొంతసేపటికి రాజతులాభారం కనిపిస్తుంది: రెండు రాతి కంబాలు, పైన దూలం, దూలం కింద మూడు రాతి కొక్కేలు. అది దాటితే విఠ్ఠలుడి గుడి వచ్చేసినట్టే. పురందర మండపం మాత్రం దారిలో లేదు, గుడి దగ్గర నుంచి పక్కకు, నీళ్ల అంచు దాకా దిగాలి.

ఎక్కుడు దిగుడు పెద్దగా లేదు. ఇబ్బందంతా బండతోనే. కాళ్లరాపిడికి నునుపెక్కిన రాయి, తడిస్తే తోలు చెప్పు నిలవదు, రబ్బరు అడుగున్నవే వేసుకోవాలి. ఎండాకాలంలో పదకొండు దాటితే రాయి సెగ కొడుతుంది. చక్రతీర్థం దగ్గర నీళ్లు నిలకడగా కనిపిస్తాయి గానీ లోపల సుడి ఉంది, ఈ నదిలో మొసళ్లు కూడా ఉన్నాయి. కాళ్లు కడుక్కోవడానికి కూడా మెట్ల రేవు తప్ప వేరే చోట దిగొద్దు.

నిర్వాహకుడు:

ధన్యవాదాలు. కొత్తవాళ్లు ఊళ్ల పేర్ల దగ్గరే తడబడతారు గనుక ఒక మాట. లఘువు తర్వాత గురువు వచ్చే పేరుతో ఏ సూర్యగణమూ మొదలు కాదు, ఏ ఇంద్రగణమూ మొదలు కాదు. విరూపాక్ష, మతంగ, పురందర, మూడింటికీ ఇదే చిక్కు. ముందు ఒక గురువు తగిలించండి. ‘శ్రీవి’ సూర్యగణం, ‘రూపాక్ష’ తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ఇంద్రగణాల్లో ఒకటి. ‘ఆ మతంగ’ అంటే రెండు సూర్యగణాలు, ‘ఆ పురంద’ కూడా అంతే. ‘కోదండ’ తగణమే కాబట్టి రెండో పాదంలో గణం మొదట పెట్టలేరు, బేసి పాదంలో నాలుగో గణంగానో అయిదో గణంగానో ఇమడ్చండి. ‘తుంగభద్ర’ ఎక్కడైనా నడుస్తుంది, దానంత సాధువైన పేరు ఆ చుట్టుపక్కల మరొకటి లేదు.

బాటసారి:

హంపి వీధి దాటి యేటి యొడ్డునఁ జేరి
చక్రతీర్థమందుఁ జల్లనగుచు
విఠ్ఠలేశు గుడికి వెడలెను పథికుండు
తేరు కదలకుండఁ దిరిగె నూరు

రేఫ:

గణాలు సరిగ్గా ఉన్నాయి. మొదటి పాదంలో యతి తప్పింది. హకారానికి యకారం చెల్లుతుందన్న నమ్మకంతో ‘హం’కు ‘యే’ వేశారు. హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. ‘హ’ మీద అకారం, ‘యే’ మీద ఏకారం. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏ మరో జట్టు. ‘హంపి వీధి దాటి యల్లన నదిఁ జేరి’ అంటే యతీ నిలుస్తుంది, తొందరపడాల్సిన దారి కాదని కూడా చెప్పినట్టవుతుంది.

అసలు లోపం భావంలో ఉంది. మూడు పాదాలు పథికుడివి, చివరికి తేరు ఎక్కణ్ణుంచో ఊడిపడింది. కదలని తేరుకూ తిరిగిన మనిషికీ ముడి వేయకపోతే సమస్య అలాగే మిగిలిపోతుంది. దారి క్రమం మాత్రం తప్పుపట్టడానికి లేదు.

పాతనోటు:

రాతి తేరి బొమ్మ రాజిల్లె నోటుపై
సంతలోనఁ జేరె సంచిలోన
చేయి చేయి మారి చెలఁగెను దేశాన
తేరు కదలకుండఁ దిరిగె నూరు

తుంగతీరం:

ఇది పూరణ అంటే! విఠ్ఠలుడి గుడి ముంగిట కదలని రథం నోటెక్కి దేశం తిరిగింది. ఒక్క సందేహం. ఏ నోటు? పది రూపాయల నోటు వెనక కోణార్క రథచక్రం ఉంది. పద్యం చదివినవాడు అటు పోయినా తప్పనలేం. హంపి రథం ఉన్నది 2017లో వచ్చిన ఏబది రూపాయల నోటు, లేత నీలం రంగుది.

పాతనోటు:

నిజమే. రెండో పాదం మారుస్తున్నాను.

రాతి తేరి బొమ్మ రాజిల్లె నోటుపై
నీలి యేఁబదింట నెలవుగొనియె
చేయి చేయి మారి చెలఁగెను దేశాన
తేరు కదలకుండఁ దిరిగె నూరు

రేఫ:

రంగు, విలువ రెండూ వచ్చాయి, యతి ‘నీ’కు ‘నె’ చక్కగా పడింది. సంత, సంచి పోయినందుకు కొంచెం లోటే. ఆ పాదంలో ఊరి వాసన ఉండేది. అయినా ఏది ముఖ్యమంటే రెండోదే.

గణగణ:

ఏకశిలనుఁ జెక్కి యిడిన తేరిని గాంచ
నుదయమందు నీడ యొక్క దెసకు
సంజ కెదురు దెసకు సాగెను నీడయై
తేరు కదలకుండఁ దిరిగె నూరు

తుంగతీరం:

ఛందస్సు రేఫ గారికి వదిలేస్తున్నా. చోటు విషయంలో మొదటి మాటే తప్పు. ఆ రథం ఏకశిల కాదు. గ్రానైటు రాతి పలకలు పేర్చి కట్టి, అతుకులు చెక్కడపు వరుసల్లో కలిసిపోయేలా చేశారు. దగ్గరికెళ్లి పీఠం మీది అంచుపట్టీల వెంట చూపు నడిపితే సన్నగా గీతలు కనబడతాయి. నిజంగా ఏకశిల కావాలంటే బజారు చివర నంది ఉంది కదా! పైగా రథం పైన ఒకప్పుడు ఇటుక విమానం ఉండేది, 1856లో గ్రీన్‌లా అనే ఛాయాచిత్రకారుడు తీసిన చిత్రంలో అది కనిపిస్తుంది. ముందున్న ఏనుగులు కూడా తర్వాత తెచ్చి పెట్టినవి, వాటి వెనక పాత గుర్రాల వెనుక కాళ్ల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. లోపల ఉండాల్సింది గరుత్మంతుడు, విఠ్ఠలుడికి ఎదురుగా. రథం ఆకారంలో కట్టిన గరుడాలయం అది.

రేఫ:

అయితే మొదటి పాదం ఇలా మార్చుకోవచ్చు: ‘పేర్చి రాలఁ జెక్కి పెట్టిన తేరిది’. ‘పే’కు ‘పె’ యతి. రెండో పాదం అప్పుడు ‘యుదయమందు’ అవుతుంది.

నీడ ఊహ బాగుంది గానీ ‘ఊరు’ తిరగడం అతిశయోక్తే. ప్రాకారం దాటి పోదు. సూర్యుడు నడినెత్తికి వచ్చే మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో మిట్టమధ్యాహ్నం ఆ నీడ చక్రాల కిందికే ముడుచుకుంటుంది. గుడి ఆవరణే ఊరనుకుంటే ఒప్పుకోవచ్చు.

వాకిలి:

బ్యాటరీల బండి బారులు దీరుచు
వచ్చువారిఁ జేర్చె వాకిలి కడ
గెజ్జె మండపంబు కేగి మరలివచ్చె
తేరు కదలకుండఁ దిరిగె నూరు

నూరు అంటే వంద అని తీసుకోండి. లోపల తేరు కదలదు, బయట బండి నూరుసార్లు తిరుగుతుంది.

రేఫ:

తెలివైన విరుపు. వందకు శకటరేఫం (ఱ) రాయాలి, నూఱు. సమస్యలో ఉన్నది సాధురేఫం (మామూలు ర). ఇప్పటి రాతలో ఈ తేడా ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి నేనూ పట్టుబట్టను. ‘మండపంబు కేగి’ మాత్రం ఒప్పుకోను, కు ముందు నకారం రావాలి. ‘గెజ్జె మండపమున కేగి మరలివచ్చె’ అనండి, గణాలకు ఏ నష్టమూ లేదు, ‘పమున’ నగణం (మూడు లఘువులు), సూర్యగణమే.

తుంగతీరం:

ఈ బండ్లు ఏటి బాటన రావు. గెజ్జల మండపం వైపున్న వాహనాల స్థలం నుంచి గుడి దాకా, సుమారు కిలోమీటరు, మట్టిదారిన తిరుగుతాయి. ఏటి బాటన నడిచొచ్చినవాళ్లకు ఇవి తిరుగు ప్రయాణానికి పనికొస్తాయి. ఒక చిక్కుంది. బండి దిగేది బజారుకు దూరంగా, అక్కణ్ణుంచి మళ్లీ ఆటో పట్టుకోవాలి. బజారు దగ్గరే బస ఉన్నవాళ్లు వచ్చిన బాటనే వెనక్కి నడవడం మేలు. విఠ్ఠలుడి గుడి టికెట్టు పారేయకండి, అదే రోజు కమలమహలున్న జనానా ఆవరణకూ అదే చెల్లుతుంది.

గణగణ:

మరో పూరణ. ఈసారి తేరు రాతిది కాదు, సూర్యుడిది.

భానుఁ డున్న చోటఁ బదిలమై యుండఁగాఁ
దుంగభద్ర గుళ్లు దొనలతోడ
భూమి యిరుసు మీఁద బొంగరంబయి సాగె
తేరు కదలకుండఁ దిరిగె నూరు

నిర్వాహకుడు:

ఇంతవరకూ అందరూ ‘తిరిగె’కు తేరునో మనిషినో బండినో కర్తగా తెచ్చారు. మీరు ఊరినే కర్తను చేశారు. సూర్యరథం నిలిచే ఉంది, గుళ్లూ దొనలూ (కొండల్లోని నీటి గుంటలు) నదీ మోసుకుని ఊరే తిరిగింది. ‘ఇరుసు’ రథానికీ భూమికీ రెండింటికీ సరిపోయింది. దీనికి నా ఓటు.

రేఫ:

యతులు భా-బ, దు-దొ, భూ-బొ. మూడూ నిలిచాయి. హంపి అన్న పేరు లేకపోయినా తుంగభద్ర, దొనలు కలిసి చోటు పట్టిస్తున్నాయి. ‘బదిలమై యుండఁగా’ కాస్త బరువు, ‘ఉన్న చోటనే ఉండగా’ అన్న తేలిక మాట ఛందంలో ఇమిడితే ఇంకా బాగుండేది.

బాటసారి:

వానాకాలంలో ఈ దారి నడవొచ్చా? పూరణలో వరద పెట్టాలని ఉంది.

తుంగతీరం:

జూలై నుంచి సెప్టెంబరు దాకా హొసపేట దగ్గరి తుంగభద్ర ఆనకట్ట గేట్లు ఎత్తారో లేదో కనుక్కోకుండా బయల్దేరొద్దు. మొత్తం 33 గేట్లు. ఇక్కడ చినుకు లేకపోయినా పైన మలనాడులో కురిస్తే నీళ్లు వదులుతారు. ముందుగా మునిగేది పురందర మండపం. దాని పునాది దాకా నీరొచ్చిందంటే వెనక్కి తిరగాలి. నీరు ఇంకా పెరిగితే కోదండరాముడి గుడి దగ్గర బాట కూడా మునుగుతుంది, అప్పుడు నంది పక్క మెట్లెక్కి అచ్యుతరాయల గుడి మీదుగా పోవడమొకటే మార్గం. తళారిఘట్టం దగ్గర ఆనెగొందికి దాటించే పుట్టిలు (గుండ్రటి తెప్పలు) కూడా ఆ రోజుల్లో నడవవు. పద్యంలో వరద పెడితే ‘పురందర’ ముందు ‘ఆ’ మరిచిపోకండి!

నిర్వాహకుడు:

గణగణ గారి రెండో పూరణ మొదటిది, పాతనోటు గారి సవరించిన పూరణ రెండోది. వాకిలి గారు శకటరేఫం సంగతి తేల్చుకుని మళ్లీ పంపితే చేరుస్తాం.

వచ్చే వారానికి సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

గోపురంబు నిలిచెఁ గొమ్ముమీఁద

విరూపాక్షుడి గుడి వెనక భాగంలో ఒక చీకటి గది ఉంది, చిన్న కంతలోంచి వచ్చే వెలుగుతో తూర్పు గోపురం అక్కడి గోడ మీద తలకిందులుగా పడుతుంది. మబ్బు పట్టిన రోజు ఏమీ కనిపించదు. పూరణలో ఎండ ఉండాల్సిందే.